‘ఉంది’ అంటే ఒకటి: ఇంటి దగ్గర మన పిల్లల చదువు, సైన్సు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా సంఘం జరిపిన ఆన్‌లైన్ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు పోడు పట్టాల గురించి, జోడేఘాట్ గురించి, అడవి హక్కుల గురించి చెప్పారు. నాకు ఇచ్చిన విషయం వాటి పక్కన చిన్నదిగా కనిపిస్తుంది: మూడేళ్ల నుంచి ఏడెనిమిదేళ్ల పిల్లకు ఇంటి దగ్గర చదవడం, కొంచెం సైన్సు ఎలా నేర్పాలి? చిన్న విషయమే. కానీ ఒక లెక్క చూడండి. మన గూడేల్లో చాలామంది పిల్లలు మూడో తరగతికే ఆశ్రమ పాఠశాలకు వెళ్లిపోతారు. ఆ తర్వాత వాళ్లు మన దగ్గర ఉండేది పండక్కి, దండారికి, ఎండాకాలం సెలవులకు. అంటే తల్లీతండ్రీ, అమ్మమ్మా తాతా రోజూ కూర్చుని ఏదైనా చెప్పగలిగేది ఆ మొదటి ఏడెనిమిదేళ్లే. ఆ కాలం గురించే నేను మాట్లాడతాను.

ముందు ఒక మాట. గోండిలో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టండి. ఉంది, రండ్, మూండ్, నాలుంగ్, సైయుంగ్. ఇప్పుడు ఐదేళ్ల పిల్ల మొదటిరోజు బడికి వెళ్లింది అనుకోండి. పంతులుగారు బల్ల మీద పుస్తకం పెట్టి, “పుస్తకం ఉంది” అన్నారు. పిల్ల చెవికి ‘ఉంది’ అంటే ఒకటి. ఒక పుస్తకం అంటున్నారు కాబోలు అనుకుంది. “బడిలో నీళ్లు ఉన్నాయి, గంట ఉంది, బల్ల ఉంది” అని ఆయన చెప్పుకుపోతుంటే పిల్లకు లెక్క తప్పిపోయింది. ఇంకోటి. మనకు ‘ఏర్’ అంటే నీళ్లు. తెలుగు వాచకంలో ‘ఏరు’ అంటే వాగు. “కుండలో ఏరు ఉంది” అని మన పిల్ల అంటే తరగతి మొత్తం నవ్వుతుంది. ‘నార్’ అంటే మనకు ఊరు. తెలుగులో ‘నారు’ అంటే మడిలో పోసేది. ఈ రెండు భాషలూ ఒకే కుటుంబంలోవి, అందుకే మాటలు ఇంత దగ్గరగా ఉంటాయి. దగ్గరగా ఉండి వేరే అర్థం ఇచ్చేవే పిల్లను ఎక్కువ తికమక పెడతాయి.

ఇలాంటి తికమక నాలుగుసార్లు జరిగితే పిల్ల నోరు మూసుకుంటుంది. నోరు మూసుకున్న పిల్లను చూసి, బుర్ర లేదు అని రాసేస్తారు. నేను బడిలో పనిచేసినవాణ్ని, ఇది చాలాసార్లు చూశాను. పొలంలో ఏ చెట్టు ఆకు పశువులు తింటాయో, ఏది ముట్టవో చెప్పగల పిల్ల, పలక ముందు కూర్చుంటే ఏమీ తెలియనిదానిలా కనిపిస్తుంది.

ఇది చూసిన తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. “సార్, మేము ఇంట్లో గోండి మాట్లాడటం మానేస్తే పిల్లకు చదువు తొందరగా వస్తుందా?” ఉట్నూరులో అడిగారు, ఆసిఫాబాద్‌లో అడిగారు, హైదరాబాద్‌లో అద్దె ఇంట్లో ఉంటున్న మన ఉద్యోగస్తులు ఇంకా ఎక్కువ అడుగుతారు. నా జవాబు: మానకండి. ఎందుకో చెప్తాను.

చదవడం అనే పనిలో రెండు పనులు కలిసి ఉన్నాయి. ఒకటి, గీత చూసి శబ్దం పలకడం. రెండోది, ఆ శబ్దానికి మనసులో అర్థం తట్టడం. మొదటిది ఏ భాషలో నేర్చుకున్నా ఒకసారే నేర్చుకుంటాం, తర్వాత ఇంకో భాషకు వాడుకుంటాం. రెండోది పిల్ల ఇంట్లో ఎన్ని మాటలు విన్నది, ఎన్ని కథలు విన్నది, ఎన్ని ప్రశ్నలు అడిగింది అనేదాని మీద ఉంటుంది. తల్లికి బాగా వచ్చిన భాష గోండి. ఆమె దాన్ని వదిలేసి తనకు సగం వచ్చిన తెలుగులో “రా, తిను, పడుకో” అని మాత్రమే మాట్లాడితే పిల్లకు రెండు భాషలూ సగమే మిగులుతాయి. “వాన ఎందుకు ఆలస్యం అయింది, ఎద్దు ఎందుకు కుంటుతోంది, మొన్న పెళ్లిలో ఎవరు ఎవరికి ఏమవుతారు” అనే పెద్ద మాటలు ఆ ఇంట్లో ఆగిపోతాయి. పిల్ల ఆలోచన పెరిగేది ఆ పెద్ద మాటల్లోనే.

ఇది నేను కొత్తగా చెప్తున్నది కాదు. మన జైనూరు పక్కన మార్లవాయిలో 1940ల్లోనే ఈ పని జరిగింది. హైమన్‌డార్ఫ్ దొర అక్కడ ఉండి మన మధ్య పనిచేసిన సంగతి మీకందరికీ తెలుసు. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ గురించి మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండు యువకుల్నే పంతుళ్లుగా తయారుచేశారు. పిల్లల మొదటి వాచకాలు గోండి భాషలో, దేవనాగరి లిపిలో అచ్చువేశారు. 80 ఏళ్ల కిందట మన తాతలు మొదట చదివిన మాట వాళ్లకు తెలిసిన మాట. రాజ్యాంగంలో 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సదుపాయాలు కల్పించాలని చెప్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో గోండి, కోయ, కొలామి, సవర, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా భాషల్లో పిల్లల పుస్తకాలు తయారయ్యాయి. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఇంటి భాష మాటే చెప్పింది. కాగితం మీద ఇన్నిసార్లు మంచి మాట వచ్చింది. మన గడప దగ్గరికి ఎంత వచ్చిందో మీకు తెలుసు. అది అధికారులతో వేరే సభలో మాట్లాడదాం. ఈ రోజు గడప లోపల మనం చేయగలిగింది చూద్దాం.

“మాకే చదువు రాదు, మేమేం నేర్పుతాం?” అంటారు అక్కలు. అక్కా, చదవడానికి మొదటి మెట్టు చెవి. దానికి అక్షరం అక్కర్లేదు. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని ‘పల్’ అనండి, పన్ను చూపించండి. ‘పాల్’ అనండి, పాల గ్లాసు చూపించండి. గబగబా మార్చి మార్చి అనండి, పిల్ల సరైనది పట్టుకోవాలి. పన్నుకీ పాలకీ మధ్య తేడా ఆ దీర్ఘం ఒక్కటే. రేపు బడిలో ‘ప’ పక్కన ‘పా’ రాసినప్పుడు, ఆ గీత ఎందుకు వచ్చిందో మన పిల్ల చెవికి ముందే తెలిసి ఉంటుంది. ‘కాల్’ అంటే చప్పట్లు ఎన్ని, ‘మీన్’ ఏ శబ్దంతో మొదలవుతుంది, ఇంట్లో ‘మ’తో మొదలయ్యేవి ఇంకేమున్నాయి? కలుపు తీస్తూ, రొట్టెలు చేస్తూ ఆడించే ఆట ఇది. ఊరూరికీ మన పలుకు కొంచెం మారుతుంది. మీ ఇంట్లో ఎలా పలుకుతారో అదే సరైనది, నేను చెప్పినట్టే పలకనక్కర్లేదు.

రెండోది కథ. మన పర్ధాన్లు కీక్రీ పట్టుకుని రాత్రంతా కథ చెప్తుంటే పిల్లలు మూలన కూర్చుని వినేవాళ్లు. ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరుగుతుంది, ఎవరు అబద్ధం చెప్పారు, ఎందుకు చెప్పారు అని గుర్తుపెట్టుకుంటూ వినేవాళ్లు. పెద్ద తరగతుల్లో పాఠం చదివి అర్థం చేసుకోవడానికి కావలసిన శక్తి అదే. ఇప్పుడు కథ చెప్పేవాళ్లు తగ్గారు, ఫోన్ పెరిగింది. ఫోన్‌ను తిట్టడం నాకు ఇష్టం లేదు, ఈ సభ కూడా దాని మీదే నడుస్తోంది. తాత చెప్పే కథను దాంట్లో రికార్డు చేయండి. రాత్రి పిల్లకు వినిపించి మధ్యలో ఆపి, “ఇప్పుడేమవుతుంది?” అని అడగండి. ఆపకుండా నడిచే వీడియో పిల్లను ఏమీ అడగదు. తేడా అక్కడుంది.

ఇక అక్షరాలు. అ నుంచి ఱ దాకా వరసగా బట్టీ పట్టించి, తర్వాత గుణింతాలు అన్నీ పట్టించి, ఏడాది తర్వాత మొదటి మాట చదివించే పద్ధతి ఇంట్లో పెట్టకండి. ఏడాదిపాటు అర్థం లేని పని చేస్తే పెద్దవాళ్లం మనమే లేచి వెళ్లిపోతాం. మొదట పిల్ల పేరు రాయండి. నేల మీద ముగ్గుతో, బూడిదలో వేలితో రాయండి, పలకే కావాలని లేదు. తర్వాత వ, ల, క, ప, న లాంటి ఐదారు అక్షరాలు పట్టుకోండి. ఆ ఐదారుతోనే వల, కల, పలక, నవల అని మాటలు వస్తాయి. ఆ వారంలోనే పిల్ల ఏదో ఒకటి ‘చదివింది’ అవుతుంది. ఒకేలా కనిపించే అక్షరాలు ఒకే రోజు చెప్పకండి. ‘వ’, ‘మ’ కలిపి చెప్తే పిల్ల రెండూ పోగొట్టుకుంటుంది. వారం ఎడం ఇవ్వండి. ఙ, ఞ, ఝ, ఢ, ఠ లాంటివాటి కోసం నాలుగేళ్ల పిల్లను ఏడిపించకండి. అవి పసిపిల్ల చదివే మాటల్లో దాదాపు కనిపించవు. తర్వాత నిదానంగా వస్తాయి.

మరి ఏ లిపి? కొందరు తమ్ముళ్లు దీని మీద నాతో గట్టిగా వాదిస్తారు. నార్నూరు మండలం గుంజాలలో మన పెద్దలు దాచిన రాతప్రతుల వల్ల గుంజాల గోండి లిపి లోకానికి తెలిసింది. 2018లో యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. ఇప్పుడు కంప్యూటర్‌లో మన అక్షరం రాయవచ్చు. దాని మీద మీకున్న గౌరవమే నాకూ ఉంది. అయినా ఇంటి దగ్గర మొదలుపెట్టేటప్పుడు తెలుగు అక్షరంతో గోండి మాట రాయమనే నా సలహా. పిల్ల రేపు బడిలో చూసేది ఆ అక్షరాలే. ఒకేసారి కొత్త లిపి, కొత్త భాష, కొత్త మనిషి, కొత్త గది అయితే చిన్న ప్రాణం తట్టుకోలేదు. అక్షరం పాతదైతే ఒక బరువు తగ్గుతుంది. తెలుగులో చదవడం స్థిరపడ్డాక, ఎనిమిది తొమ్మిదేళ్లకు, తన పేరును గుంజాల లిపిలో రాయడం నేర్పండి. అప్పుడు ఎంత సంబరపడుతుందో చూడండి.

ఇప్పుడు సైన్సు. ఈ మాట వినగానే గాజు సీసాలు, తెల్లకోటు గుర్తొస్తాయి. పిల్లకు సైన్సు అంటే నాలుగు పనులు: చూడు, ఏమవుతుందో ముందే చెప్పు, చేసి చూడు, ఏం జరిగిందో చెప్పు. ఇందులో ‘ముందే చెప్పు’ అనేది మనం ఎప్పుడూ వదిలేస్తాం. అదే ముఖ్యం. పిల్ల తప్పు చెప్పినా ఫరవాలేదు. తప్పు చెప్పిన పిల్లే ఫలితం కోసం కళ్లు పెద్దవి చేసుకుని చూస్తుంది.

పసుపుతో మొదలుపెడదాం. తెల్ల కాగితం ముక్కకు తడి పసుపు రాసి ఆరబెట్టండి. ఇంట్లో తమలపాకుకు వాడే సున్నం ఉంటుంది కదా, దాని తేట నీళ్లు పుల్లతో ఒక చుక్క పెట్టండి. పెట్టేముందు పిల్లను అడగండి, “ఏ రంగు వస్తుంది?” తెల్ల సున్నం కాబట్టి తెల్లగా అవుతుంది అంటుంది. ఎర్రగా మారుతుంది. ఆ ఎరుపు మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపు వస్తుంది. ఇక పిల్ల ఆగదు. సబ్బు నీళ్లు, బూడిద నీళ్లు, చింతపండు రసం, మజ్జిగ అన్నీ తెస్తుంది. ఎర్రబరిచేవి ఒక వరసలో, మార్చనివి ఇంకో వరసలో పెట్టించండి. పెద్ద తరగతుల్లో క్షారం, ఆమ్లం అని చెప్పే పాఠం ఇదే, పేర్లు తర్వాత వస్తాయి. ఒక జాగ్రత్త: సున్నం కంట్లో పడితే కన్ను పోయే ప్రమాదం ఉంది. సున్నం చుక్క పెద్దవాళ్లే పెట్టాలి, పిల్ల చేతికి డబ్బా ఇవ్వకూడదు.

విత్తనాలు మన ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి. మూడు గ్లాసుల్లో బొబ్బర గింజలు వేయండి. ఒకటి పొడిగా, ఒకటి తడి గుడ్డలో, ఒకటి నిండా నీళ్లలో. ఏది మొలుస్తుందో పిల్ల ముందే చెప్పాలి. నీళ్లు ఎక్కువ ఉంటే ఎక్కువ మొలుస్తుందని చాలామంది పిల్లలు అంటారు. తడి గుడ్డలోది మొలుస్తుంది, నిండా నీళ్లలోది కుళ్లి వాసన వస్తుంది. గింజకు నీళ్లతోపాటు గాలి కూడా కావాలని పిల్లకు అక్కడ తెలుస్తుంది. చేనులో నీళ్లు నిలిచి సోయా పాడైనప్పుడు నాన్న ఎందుకు బాధపడ్డాడో కూడా తెలుస్తుంది. ఇంకోసారి మక్క గింజల్ని గాజు గ్లాసు గోడకూ తడి కాగితానికీ మధ్య ఇరికించండి. ఒకటి నిలువుగా, ఒకటి తలకిందులుగా, ఒకటి అడ్డంగా. నాలుగు రోజులు చూడండి. ఎలా పెట్టినా వేరు వంగి కిందికే పోతుంది, మొలక పైకే వస్తుంది. ఎవరు చెప్పారు దానికి? ఈ ప్రశ్నకు తాత ఒక జవాబు చెప్తాడు, పెద్ద తరగతి పుస్తకం ఇంకో జవాబు చెప్తుంది. ఐదేళ్లప్పుడు ప్రశ్న మిగిలితే చాలు.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. ప్యాకెట్‌లో వచ్చే పత్తి విత్తనం మీద రంగు ఉంటుంది. అది మందు. ఆ గింజలతో పిల్లల్ని ఆడనివ్వకండి, ఆ ప్యాకెట్ కూడా చేతికి ఇవ్వకండి. అలాగే పురుగుమందు డబ్బాలు, సీసాలు ఎంత కడిగినా ఏ ప్రయోగానికీ, నీళ్లకూ వాడకండి. ఇంట్లో దాచిన గింజలే వాడండి.

తొలకరి పడగానే ఎర్ర మఖ్మల్‌లా ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. పిల్లలు అరచేతిలో పెట్టుకుంటారు. కాళ్లు లెక్కపెట్టమనండి. చీమకు ఎన్ని? ఆరు, సారుంగ్. ఆరుద్ర పురుగుకు ఎనిమిది. సాలెపురుగుకు కూడా ఎనిమిదే. అందుకే ఆరుద్ర పురుగు చీమకు చుట్టం కాదు, సాలెపురుగుకు దగ్గర చుట్టం. మన పిల్లలకు చుట్టరికం లెక్కలు బాగా వస్తాయి. ఏడు దేవతల సగ, ఆరు దేవతల సగ అని వినే పిల్లకు, జీవుల్ని గుంపులుగా చేయడం వింతగా అనిపించదు. లెక్కపెట్టాక పురుగును మట్టిలో వదిలేయమనండి.

వాన కొలవడం నేర్పండి. నిలువు గోడలున్న సీసా కావాలి, పైన మూతి, లోపల వెడల్పు ఒకేలా ఉండాలి. అడుగు సమంగా లేకపోతే చిన్న రాళ్లు వేసి, అవి మునిగేదాకా నీళ్లు పోసి, అక్కడ గీత గీసి సున్నా అనుకోండి. ఇంటి కప్పుకు, చెట్టుకు దూరంగా పెట్టండి. పొద్దున్నే స్కేలుతో గీత పైన ఎన్ని మిల్లీమీటర్లు ఉన్నాయో చూడాలి. రేడియోలో, పేపర్‌లో చెప్పే వర్షపాతం అదే లెక్క. సీసా వెడల్పుగా ఉన్నా సన్నగా ఉన్నా ఎత్తు అంతే వస్తుంది. పెద్దవాళ్లు కూడా ఇది నమ్మరు, రెండు సీసాలు పక్కపక్కన పెట్టి చూడండి.

ఇంకో తమాషా మన దగ్గర చూడవచ్చు. వాకిట్లో నిలువుగా కర్ర పాతి గంట గంటకూ నీడ చివర రాయి పెట్టించండి. మధ్యాహ్నం నీడ చిన్నదవుతుందని అందరికీ తెలుసు. అయితే ఏడాదిలో రెండు రోజులు మన దగ్గర ఆ నీడ పూర్తిగా మాయమవుతుంది. ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపు అది మే మూడో వారంలో ఒకసారి, జూలై చివరి వారంలో ఒకసారి వస్తుంది. పన్నెండు దాటి పది, ఇరవై నిమిషాలకు చూడాలి. జూలైలో మబ్బు ఉంటుంది, మే నెలదే దొరుకుతుంది. అప్పుడు పిల్లలు ఇంటి దగ్గరే ఉంటారు కూడా. బోర్లించిన స్టీలు గ్లాసుకు నీడ కనిపించకపోవడం చూసిన పిల్ల ఆ రోజు మర్చిపోదు. ఢిల్లీలో ఉన్న పిల్లకు ఇది ఎప్పటికీ దొరకదు. అక్కడ సూర్యుడు నడినెత్తికి రాడు.

దండారి రోజుల్లో డప్పు కాచడం పిల్లలు చూస్తారు. మంట దగ్గర పెట్టగానే తోలు ఆరి బిగుసుకుని మోత పెరుగుతుంది. ఎందుకు కాస్తున్నారో అడగమనండి. దేవుడి వాద్యాల జోలికి పిల్లల్ని పంపవద్దు, వాటికి పద్ధతులున్నాయి. ఇంట్లో డబ్బా మూతికి ప్లాస్టిక్ కవరు బిగించి కట్టి, పైన నాలుగు జొన్నగింజలు వేసి, పక్కన ఇంకో గిన్నె మోగించండి. గింజలు ఎగురుతాయి. ఎవరూ ముట్టుకోలేదు, మరి ఎందుకు ఎగిరాయి? చప్పుడు గాలిలో నుంచి నడిచి వచ్చిందని కళ్లకు కనిపిస్తుంది. గుస్సాడీ టోపీ కోసం తెచ్చిన నెమలీక రాలితే దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పమనండి. రంగు మారుతుంది. ఆ నీలం, ఆకుపచ్చ రంగులు పూసినవి కావు. ఈకలోని సన్నని అమరిక మీద వెలుగు పడి తిరిగి రావడం వల్ల అలా కనిపిస్తాయి.

అన్నిటికంటే ఇప్పపువ్వు మంచి పాఠం. ఎండాకాలం తెల్లవారుజామున ఏరి తెచ్చిన పువ్వు ఒక గంప తూకం వేయండి. ఎండబెట్టి మళ్లీ తూయండి. బరువు ఎక్కడికి పోయింది? పిల్ల వెతుకుతుంది, ఎవరూ తినలేదు. నీళ్లు ఆవిరై పోయాయని తానే చెప్పేదాకా ఆగండి, మీరు చెప్పేయకండి. కొత్తకుండలో నీళ్లు ఎందుకు చల్లగా ఉంటాయో అదే దారిలో వస్తుంది.

చదవడం, సైన్సు రెండూ ఇక్కడ కలుస్తాయి. ఇరవై రూపాయల నోటుబుక్ ఒకటి కొనండి. పిల్ల చూసింది చెప్తుంది, ఇంట్లో చదువు వచ్చినవాళ్లు, అన్నో పక్కింటి అక్కో, పిల్ల చెప్పిన మాటలే, మార్చకుండా, రాయాలి. “పసుపు ఎర్రగైంది. నిమ్మకాయ పోస్తే మళ్లీ పసుపైంది.” కింద పిల్ల బొమ్మ వేస్తుంది. ఎడమ పేజీలో గోండి, కుడి పేజీలో అదే తెలుగు. మర్నాడు పిల్ల ఆ పేజీ వేలితో చూపిస్తూ ‘చదువుతుంది’. మొదట గుర్తుతో చదువుతుంది, ఫరవాలేదు. నెల రోజుల్లో ‘పసుపు’ అనే మాట ఎక్కడ కనిపించినా పట్టుకుంటుంది. తన మాటే అచ్చు రూపంలో తనకు తిరిగి కనిపించింది కాబట్టి ఆ పుస్తకం తనది. ‘ఉంది’ని ఈ పుస్తకంలోనే పరిష్కరించుకోవచ్చు. ఎడమ పేజీలో ఒక కోడి బొమ్మ, పక్కన ఉంది. కుడి పేజీలో కోడి, కింద ‘కోడి ఉంది’. రెండు ఉందిలు పక్కపక్కన చూసి పిల్ల నవ్వాలి. ఇంట్లో నవ్విన తికమక బడిలో భయపెట్టదు.

ఇంట్లో ఎవరికీ అక్షరం రాకపోతే? పిల్లతో బొమ్మలు వేయించండి, వారానికి ఒకసారి గూడెంలో చదివే పిల్లవాడితో పక్కన మాటలు రాయించండి. తల్లి పని అడగడం, వినడం. “ఏం చూశావు? ఎందుకలా అయింది అనుకుంటున్నావు?” ఈ రెండు ప్రశ్నలు గోండిలో అడగడానికి ఏ డిగ్రీ అక్కర్లేదు. పిల్ల ‘ఎందుకు’ అంటే “నోరు మూసుకో” అనకండి. తెలియకపోతే తెలియదు అనండి, చూద్దాం పద అనండి. ఒకరోజు పదిహేను నిమిషాలు చాలు. పత్తి ఏరే రోజుల్లో అదీ కుదరదు, నాకు తెలుసు. అప్పుడు చేనులోనే ఆకులు, పురుగులు, మబ్బులు చూపించండి.

సంఘానికి నాదొక విన్నపం. వచ్చే దండారికి పిల్లలు ఆశ్రమ పాఠశాలల నుంచి ఇంటికొస్తారు. ఆ లోపు ప్రతి గూడెం నుంచి ఒక్క నోటుబుక్ అయినా తయారైతే, వాటి పేజీలు ఫోన్‌లో ఫొటోలు తీసి మాకు పంపండి. పిల్లల పేర్లు, ఊళ్లు లేకుండా, బొమ్మలు, మాటలు మాత్రమే తీసుకుని చిన్న చిన్న గోండి–తెలుగు పుస్తకాలు చేద్దాం. కొలాం, తోటి, పర్ధాన్ ఇళ్ల పిల్లల మాటలు వాళ్ల భాషలోనే ఉండాలి, అందుకు ఆ పెద్దల సాయం కావాలి. అచ్చు ఖర్చు గురించి కార్యవర్గంతో ఇంకా మాట్లాడాలి. ఈలోగా పసుపు, సున్నం, ఒక నోటుబుక్ మీ ఇంట్లోనే దొరుకుతాయి.